పొగా నీళ్ళూ చూసి కొన్న కార్డు

జీఫా, సెన్యో పెళ్ళి చేసుకుని మా పక్క గదిలోకి దిగినప్పుడు వాళ్ళ సామానంతా ఒక టాక్సీలో పట్టింది. పరుపు డిక్కీలో పెట్టారు. కంప్యూటర్‌ని మాత్రం జీఫా పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. అక్రా ఊళ్ళో మదీనా పేటలో మా కాంపౌండ్ పాతది, గోడలు పలచన. ఆ వారం తిరక్కుండానే నాకు వాళ్ళ అలవాట్లన్నీ తెలిసిపోయాయి. గోడ అవతల నుంచి తుపాకుల మోతా, "వెనక, వెనక, నీ వెనకే" అని అరుపులూ వస్తే ఆడుతున్నది జీఫా. అలల హోరూ, సముద్రపక్షుల కూతలూ వస్తే సెన్యో. నేను కుట్టుమిషన్ మీంచి తల ఎత్తకుండానే అటు ఎవరి వంతు నడుస్తోందో చెప్పేదాన్ని.

జీఫా బడిలో సైన్సు టీచరు. మనిషి నెమ్మది, నడక నెమ్మది, మార్కెట్లో బేరం కూడా నెమ్మది. ఆటలో కూర్చుంటే మాత్రం వేరే మనిషి. ఐదుగురు ఆడవాళ్ళ జట్టులో ఆడుతుంది. ఒకరు కుమాసీలో, ఒకరు కేప్ కోస్ట్‌లో, ఇలా తలా ఒక ఊళ్ళో ఉంటారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు, గొంతులే పరిచయం. సెన్యో కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానబడతాడు. రోజంతా పక్కవాళ్ళ చూపు బాగుచేసి వచ్చి, సాయంత్రం పడవ ఎక్కి దీవులు తిరుగుతాడు. అతని ఆటలో కొట్టుకోవడాలు లేవు. తెరచాప ఎత్తడం, గాలి ఎటుందో చూసుకోవడం, ఏదో ఒక రేవు చేరడం, అంతే. పుట్టింది సముద్రం ఒడ్డున కేటాలో. వాళ్ళ వీధిని సముద్రం మింగేసి చాలా కాలమైంది. అందుకేనేమో, నీళ్ళ విషయంలో అతనికి పట్టింపు ఎక్కువ.

గొడవ ఒక ఆదివారం మధ్యాహ్నం మొదలైంది. జీఫా జట్టు లీగు పోటీలో ఆడుతోంది. అవతలి జట్టువాళ్ళు పొగబాంబు వేశారు. తెరమీద పొగ లేచింది, ఆ వెంటనే బొమ్మ నిలిచిపోయింది. కంప్యూటర్ డబ్బాలో ఫ్యాను పిండిమరలా మోత పెట్టింది. బొమ్మ మళ్ళీ కదిలేసరికి ఆటలో జీఫా నేలమీద పడి ఉంది. స్పీకర్లో కుమాసీ నుంచి లారీబా గొంతు ఖంగుమంది. ఆ జట్టుకి ఆవిడే కెప్టెన్.

"జీఫా, ఆడుతున్నావా, ఫోటో స్టూడియోలో కూర్చున్నావా?"

"పొగ వేశారు లారీబా. పొగ వస్తే నా తెర గడ్డకట్టేస్తుంది."

"ఆ సంగతి వాళ్ళకీ తెలిసిపోయింది. పనిగట్టుకుని నీవైపే వేస్తున్నారు. ఏదో దేవుడి దయవల్ల గెలిచాం. సెమీఫైనల్ లోపల ఏదో ఒకటి చెయ్యి. లేకపోతే నీ బదులు మా పిన్ని కూతుర్ని పెట్టుకోవాలి. దాని ఆట అంతంతమాత్రం. కానీ దాని తెర కదులుతుంది."

జీఫా కంప్యూటర్ ఆపేసి, బయటికొచ్చి నా గుమ్మంలో కూర్చుంది. నేను చేస్తున్న గౌను అంచు చూస్తూ, "అక్కా, నా బదులు లారీబా పిన్ని కూతురట" అంది. ఆ ఒక్క మాటే రెండుసార్లు అంది.

కంప్యూటర్‌లో బొమ్మలు గీసే పని గ్రాఫిక్స్ కార్డుది. వీళ్ళ కార్డు పెళ్ళికి ముందుది, అప్పటికే ఎవరో వాడి వదిలేసింది. కొత్తది కొనాలని ఇద్దరూ ఎప్పటినుంచో వెనకేస్తున్నారు. పై రకం కార్డులు మోటారుసైకిల్ ఖరీదు ఉంటాయి, వాటి జోలికి పోలేరు. కింది రకం కొన్నా ఒకటే, ఉన్నది ఉంచుకున్నా ఒకటే. కొంటే మధ్యరకమే కొనాలి. అక్కడి దాకా ఇద్దరిదీ ఒకే మాట. మధ్యరకంలో ఏది అన్న దగ్గరే ఇల్లు రెండయింది.

ఆ సాయంత్రం వాకిట్లో మొక్కజొన్న కెంకే ముద్దలు, వేయించిన చేప ముందు పెట్టుకుని ఇద్దరూ మొదలెట్టారు. జీఫా మనసు ఒక కొత్త కార్డు మీద ఉంది. చిన్నది, చురుకైనది. కాకపోతే మెమరీ తక్కువ. సెన్యో చూపు ఇంకోదాని మీద. అది కొంచెం పాతది, బరువైనది, మెమరీ దండిగా ఉన్నది.

"నీకు సెకనుకి ఎన్ని బొమ్మలు పడుతున్నాయనే లెక్క" అన్నాడు సెన్యో. "ఆ బొమ్మ ఎలా ఉందని ఒక్కనాడైనా చూశావా?"

"నీ బొమ్మ ముస్తాబై వచ్చేలోపు నన్ను పాతిపెట్టేసి పోతారు."

"నీ ఆటలో చచ్చినవాళ్ళు మళ్ళీ లేచి వస్తారు కదా. నా ఆటలో నీళ్ళు ఒకసారి గంజిలా కనబడితే ఇంక ఆ రోజంతా గంజే."

"ఊరికే పడవ ఎక్కి తిరిగే కెప్టెన్ గారి కోసం నేను జట్టులోంచి పోవాలా?"

"పొమ్మన్నానా? నీ చిన్న కార్డు ఈ ఏడాదికి బాగుంటుంది. వచ్చే ఏడాది ఆటలకి దాని మెమరీ చాలదు. అప్పుడు మళ్ళీ ఇదే వాకిట్లో ఇదే చేప పెట్టుకుని ఏడుస్తాం."

అందులో నిజం ఉందని జీఫాకి తెలుసు. అందుకే చేపముల్లు తీసే నెపంతో తల వంచుకుంది. సరిగ్గా అప్పుడే ఇంటావిడ ఫోస్టినమ్మ కుర్చీ లాక్కుని వచ్చి కూర్చుంది.

మా కాంపౌండ్ మొత్తానికి ఒకటే కరెంటు మీటరు. ముందే డబ్బు కట్టి యూనిట్లు ఎక్కించుకోవాలి, అవి అయిపోతే అందరికీ చీకటే. ఎవరు ఇస్త్రీపెట్టె వాడారు, ఎవరు నీళ్ళు కాచుకున్నారు అని మా పోట్లాటలన్నీ ఆ మీటరు చుట్టూనే. వాటికి తీర్పరి ఫోస్టినమ్మ.

"ఆ కార్డు కరెంటు ఎంత తాగుతుంది?" అంది ఆవిడ.

"తక్కువే ఆంటీ" అంది జీఫా.

"ఒక మోస్తరు ఆంటీ" అన్నాడు సెన్యో అదే క్షణంలో.

ఫోస్టినమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీ ఇద్దరి మధ్యే మాట కుదరలేదు. ఇంక నాకేం చెప్తారు?" నావైపు తిరిగింది. "మన్సా, శనివారం దారాలు కొనడానికి సర్కిల్‌ బజారుకి పోతానన్నావుగా. వీళ్ళతో కలిసి వెళ్ళు. వీళ్ళు పొగా నీళ్ళూ చూసుకుంటారు. నువ్వు మన మీటరు సంగతి చూడు. ఏనుగుని కొనుక్కొచ్చి ఇంట్లో కట్టేస్తామంటే నేను ఒప్పుకోను."

అలా కార్డు కొనడానికి నేనూ బయల్దేరాను. కార్డు అంటే ఏమిటో నాకప్పటికి తెలియదు. మీటరు తరఫు మనిషిని, అంతే.

శనివారం పొద్దున్నే ట్రోట్రో వ్యాను ఎక్కి సర్కిల్‌లో దిగాం. రెండు ఆటలూ ఎక్కించిన డిస్కుని సెన్యో కళ్ళజోడు డబ్బాలో పెట్టుకుని జేబులో దాచుకున్నాడు. కంప్యూటర్ లోపలి భాగాల ఫోటోలన్నీ జీఫా ఫోన్లో ఉన్నాయి. ఫోన్లు, ఛార్జర్లు, చెవుల్లో పెట్టుకునేవి అమ్మేవాళ్ళు దారిపొడవునా మమ్మల్ని చేతులు పట్టి లాగారు. వాళ్ళందరినీ తప్పించుకుని, రంగురంగుల దీపాలు వెలుగుతున్న ఒక అద్దాల దుకాణంలో దూరాం. దాని యజమాని ఫీఫీ ఇస్త్రీ మడత నలగని మనిషి. మాట కూడా అంతే నున్నగా ఉంది.

"రండి బాస్, రండి మేడమ్. పెద్దక్కా, మీరు కూర్చోండి, ఫ్యాను కింద కూర్చోండి." నేను కూర్చున్నాను. ఫ్యాను బాగుంది.

వాళ్ళిద్దరూ ఎవరి కోరిక వాళ్ళు చెప్పారు. ఫీఫీ కళ్ళు మూసుకుని డాక్టరులా విన్నాడు. తర్వాత బల్లకింద నుంచి ఒక పెట్టె తీసి మెల్లగా వాళ్ళ ముందు పెట్టాడు.

"మేడమ్‌కి వేగం కావాలి, బాస్‌కి అందం కావాలి. రెండూ దీన్లోనే ఉన్నాయి. మెమరీ పన్నెండు జీబీ. సీలు కూడా తీయలేదు. నిన్ననే వచ్చింది సరుకు."

ధర చెప్పాడు. వాళ్ళు అనుకున్న దానికంటే తక్కువే. సెన్యో మొహం వెలిగిపోయింది. జీఫా మొహం మాత్రం ముడుచుకుంది.

"ఇంత తక్కువ ఎందుకు?" అంది.

"మేడమ్, ధర ఎక్కువ చెప్తే ఎందుకెక్కువ అంటారు. తక్కువ చెప్తే ఎందుకు తక్కువ అంటారు. నన్నేం చేయమంటారు?"

"పెట్టి చూపించండి."

"సీలు తీస్తే మరి..."

"తీశాక బాగుంటే మాదే. బాగోకపోతే సీలు అతికించడం మీకు చేతనవును కదా" అంది జీఫా చాలా మర్యాదగా.

ఫీఫీ నవ్వి సీలు తీశాడు. బల్లమీద మూత లేని కంప్యూటర్ ఒకటి ఉంది, దాన్లో కార్డు బిగించాడు. తెరమీద కార్డు పేరు, మెమరీ అన్నీ పెట్టెమీద ఉన్నట్టే వచ్చాయి. "చూశారా" అన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సెన్యో కుర్చీలో కూర్చుని తన ఆట తెరిచాడు. పడవ రేవులోంచి కదిలింది. నాకు బాగానే కనిపించింది. సెన్యో మాత్రం ముందుకు వంగి, రోజూ అద్దాల్లోకి చూసినట్టు ఆ నీళ్ళలోకి చూస్తున్నాడు. పడవ మెల్లగా దీపస్తంభం దాకా వెళ్ళి మలుపు తిరిగింది. అక్కడ బొమ్మ ఒక్క క్షణం ఆగి, ఒక ఎక్కిలి ఎక్కినట్టు కదిలి, మళ్ళీ సాగింది. సెన్యో కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలెట్టాడు.

"ఏమైంది?" అంది జీఫా.

"ఇవి మా ఇంటి నీళ్ళే."

"అంటే?"

"ఈ నీళ్ళు నాకు తెలుసు జీఫా. రెండేళ్ళుగా వీటిమీదే తిరుగుతున్నాను. ఇదే గంజి, ఇదే మలుపు, ఇదే ఎక్కిలి. పేరు మార్చుకుంది గానీ ఇది మన కార్డే."

ఫీఫీ ఒప్పుకోలేదు. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఎక్కలేదన్నాడు, డిస్కు నెమ్మదన్నాడు, పొద్దున్నుంచి కరెంటు సరిగ్గా లేదన్నాడు. జీఫా మాట పెంచలేదు. తన ఆట తెరిచి, అందులో ఒక గోడ పక్కన నిలబడి, పొగబాంబు ఒకటి తన కాళ్ళ దగ్గరే వేసుకుంది. బొమ్మ నిలిచిపోయింది. జీఫా లేచి నిలబడింది.

"స్క్రూడ్రైవర్ ఇవ్వండి. పైనున్న ఫ్యానులు తీద్దాం. లోపలి చిప్ మీద నంబరు ఉంటుంది. అది పెట్టెమీద ఉన్న నంబరే అయితే క్షమాపణ చెప్పి ఇదే కొనుక్కుంటాం."

ఫీఫీ తనే తీశాడు. చేతులు చకచకా నడిచాయి, ఆ పని బాగా వచ్చినవాడే. చిప్ మీద పూసిన పేస్టు తుడిచి, ఫోన్ దీపం వేసి చూశాడు. చూసినవాడు తల ఎత్తలేదు. జీఫా తన ఫోన్లో ఉన్న పాత కార్డు చిప్ ఫోటో అతని మొహం పక్కన పెట్టింది. రెంటిమీదా నంబరు ఒకటే. ఎవరో పాత కార్డులకి కొత్త రేకు తొడిగి, తెరమీద అబద్ధం చెప్పేలా లోపలి పేరు మార్చేసి, పెట్టెలో పెట్టి సీలు వేశారు.

నేను పెద్ద పోట్లాటకి సిద్ధపడి చేతిసంచి బిగించి పట్టుకున్నాను. పోట్లాటేం జరగలేదు. ఫీఫీ మెల్లగా స్టూలు మీద కూలబడ్డాడు. నున్నటి మాటలన్నీ ఎటు పోయాయో, "ఇవి ఆరు తెప్పించాను" అన్నాడు. "నా సొంత బావమరిది పంపాడు. నా పెళ్ళాం తమ్ముడు."

ఆ మొహం చూస్తే నటన అనిపించలేదు. బయటికెళ్ళి చల్లటి నీళ్ళ పాకెట్ ఒకటి కొనుక్కొచ్చి చేతిలో పెట్టాను. మూల కొరికి గటగటా తాగేశాడు. తర్వాత ఏమనుకున్నాడో, మిగతా ఐదు పెట్టెలూ తెచ్చి బల్లమీద పెట్టాడు.

"మేడమ్, మీరెలాగూ వచ్చారు. వీటిని కూడా కొంచెం చూసి పెడతారా? నాకు ఒక్కడికీ ధైర్యం చాలడం లేదు."

కొనడానికి వచ్చిన జీఫా స్లీవులు పైకి మడిచి పనిలో దిగింది. సెన్యో స్క్రూలు పోకుండా సీసా మూతల్లో వేస్తూ కూర్చున్నాడు. ఒక్కో కార్డూ విప్పడం, తుడవడం, నంబరు చూడటం. అన్నీ అంతే. ఆఖరిది విప్పినప్పుడు ఫీఫీ ఫోన్ తీసి బావమరిదికి చేశాడు.

"క్వెసీ, ఎలా ఉన్నావు నాయనా? తిన్నావా? మంచిది, కడుపునిండా తిను. ఎందుకంటే సాయంత్రం మీ అక్కని వెంటబెట్టుకుని మీ ఇంటికొస్తున్నాను. లేదులే, నేను ఏమీ అనను. మాట్లాడేది మీ అక్కే."

అవతలివాడు ఏమన్నాడో గానీ ఫీఫీ మొహం కొంచెం తేరుకుంది. ఫోన్ పెట్టేసి షట్టర్ సగం దించాడు.

"పదండి. మీకు కార్డు నేను చూపిస్తాను. వెనక సందులో అక్వెలే అని ఒకావిడ ఉంది. దుకాణం ముందు చోటు విషయంలో ఆవిడకీ నాకూ మాటల్లేవు. కానీ ఆవిడ సరుకు అబద్ధం చెప్పదు."

అక్వెలే దుకాణానికి అద్దాల్లేవు, రంగుదీపాల్లేవు. గోడనిండా కార్డులు మేకులకి వేలాడుతున్నాయి. ఆవిడ భారీ మనిషి. స్టూలు మీద కూర్చుని కెలెవెలె, అంటే కారం పట్టించి వేయించిన అరటిపండు ముక్కలు, తింటోంది. ఫీఫీని చూసి నములుతూనే అంది:

"ఏం ఫీఫీ, దారి తప్పావా? నీ దుకాణం రోడ్డు మీద కదా. అద్దాలుంటాయి చూడు, అది."

"ఈ రోజుకి ఏమన్నా అను అక్వెలే. నా మీద బండెడు రాళ్ళు పడ్డాయి. నీవి చిన్న గులకరాళ్ళు."

సంగతి విని ఆవిడ నమలడం ఆపింది. "ఆరూనా?" అంది. కెలెవెలె పొట్లం అతని వైపు జరిపింది. అతను ఒక అరటిపండు ముక్క తీసుకున్నాడు. వాళ్ళ తగువు అంతటితో తీరిపోయిందని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నేను గోడమీది కార్డులు చూస్తున్నాను.

వీళ్ళిద్దరూ కొట్టుకుంటున్న రెండు రకాలూ ఆవిడ దగ్గరున్నాయి. రెండూ ఎవరో కొంతకాలం వాడినవే, ఆ మాట ఆవిడే ముందు చెప్పింది. "మీ డబ్బాలో పవర్ సప్లై ఎంతది?" అని అడిగి, జీఫా ఫోటో చూసి, "రెండిట్లో ఏదైనా లాగుతుంది" అంది. నేను మీటరు మాట ఎత్తాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, గోడ ప్లగ్గుకి చిన్న పెట్టె ఒకటి తగిలించింది. ఎంత కరెంటు లాగుతోందో దానిమీద అంకెలు పడతాయి.

"నువ్వు వాటిని చూస్తూ ఉండు. వాళ్ళ గోల వాళ్ళది."

ముందు చిన్నది పెట్టారు. జీఫా పొగ వేసింది. పొగ పాలనురగలా పైకి లేచింది, దాని వెనక మనుషుల నీడలు తేటగా కదిలాయి. జీఫా పెదవి కొరుక్కుంది. నా అంకెలు కూడా బుద్ధిగా నూట ఇరవై వాట్ల దగ్గర ఉన్నాయి. తర్వాత సెన్యో కూర్చున్నాడు. నీళ్ళు బాగున్నాయి. కానీ ఒడ్డు దగ్గరికి వెళ్తుంటే రాళ్ళు ముందు మైనం ముద్దల్లా కనబడి, కాసేపటికి రాళ్ళయ్యాయి. సెన్యో కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"మెమరీ" అన్నాడు.

పెద్దది పెట్టారు. సెన్యో రేవు దాటాడు, దీపస్తంభం దాటాడు, మలుపు తిరిగాడు. ఎక్కిళ్ళు లేవు. నీళ్ళలో దీపస్తంభం నీడ విరిగి విరిగి కదులుతోంది. కెరటం లేచినప్పుడు దాని లోపలి నుంచి ఎండ ఆకుపచ్చగా కనబడింది. నేను నా అంకెలు మర్చిపోయి తెరకేసి చూశాను. సెన్యో పడవ ఆపేసి ఊరికే అలా కూర్చున్నాడు. జీఫా అతని భుజం మీద చెయ్యి వేసింది.

"కేటాలా ఉందా?"

"మా మేనమామ పడవమీంచి చూస్తే ఇలానే ఉండేది" అన్నాడు.

అప్పుడు నాకు గుర్తొచ్చి ప్లగ్గు వైపు చూశాను. చిన్నదానికి దాదాపు రెట్టింపు. "ఇది ఏనుగే" అన్నాను. ఆ మాట అనడం నాకూ ఇష్టం లేదు. కానీ వచ్చింది అందుకే కదా.

జీఫా పెద్ద కార్డు మీద తన ఆట కూడా పెట్టి చూసింది. పొగ ఇక్కడా పాలనురగే. తెరమూల సెకనుకి ఎన్ని బొమ్మలో చూపించే అంకె నూట నలభై దాటింది. జీఫా దాన్ని ముచ్చటగా చూసుకుంటోంది. అక్వెలే వేళ్ళు నాక్కుంటూ అడిగింది:

"ఇంట్లో నీ తెర ఎలాంటిది?"

"పాతదే ఆంటీ. బడిలో వేలం వేస్తే కొన్నాను. సెకనుకి డెబ్బై ఐదు బొమ్మలు..." అని జీఫా అక్కడితో ఆగిపోయింది. ఆగి, సెన్యో వైపు చూసింది. "నా తెర డెబ్బై ఐదుకి మించి చూపించదు కదా. మిగతావన్నీ ఈ కార్డు ఎవరి కోసం గీస్తోంది?"

"మీ ఇంటి మీటరు కోసం" అంది అక్వెలే.

జీఫా గబగబా ఆటలో ఏదో మార్చి, డెబ్బై ఐదు దాటొద్దని కార్డుకి హద్దు పెట్టింది. ఇంకో కిటికీ తెరిచి, అది తాగే కరెంటుకి కూడా పై గీత గీసింది. మళ్ళీ పొగ వేసింది. కళ్ళు చికిలించి చూసినా నాకు తేడా తెలియలేదు. ప్లగ్గు దగ్గర అంకెలు మాత్రం మెట్లు దిగినట్టు దిగివచ్చి, చిన్న కార్డు కంటే కొంచెం పైన నిలబడ్డాయి. నేను ఆ అంకెల్ని ఫోటో తీసి ఫోస్టినమ్మకి పంపాను. "ఇది ఎక్కువా తక్కువా?" అని ఆవిడ అడిగింది. "ఇస్త్రీపెట్టెలో ఏడోవంతు" అని రాశాను. కాసేపటికి "సరే" అని వచ్చింది. ఆ వెంటనే "ఇస్త్రీపెట్టె వాడేది ఎవరు?" అని వచ్చింది. బట్టలు కుట్టేదాన్ని నేనే కదా, ఫోన్ సంచిలో పడేశాను.

బేరం దగ్గర అసలు తమాషా జరిగింది. అక్వెలే ధర చెప్పగానే జీఫా కంటే ముందు ఫీఫీ అందుకున్నాడు.

"అక్వెలే, వాడిన కార్డుకి ఆ ధరా? దాని ఫ్యాను చూడు, ఒక రెక్క గీసుకుపోయింది."

"మొన్న నువ్వే ఇలాంటిది ఇంకా ఎక్కువకి అమ్మావు."

"నాది దొంగ దుకాణం. నీది మంచి దుకాణం. మంచి దుకాణంలో మంచి ధర ఉండాలి."

అక్వెలే భుజాలు కదిలేలా నవ్వింది. జన్మలో మొదటిసారి కొనేవాళ్ళ వైపు నిలబడి ఫీఫీ అంత హుషారుగా బేరమాడుతుంటే మాకు నోరు తెరిచే పని లేకపోయింది. చివరికి కార్డుతో పాటు ఒక కేబులు కూడా ఊరికే ఇప్పించాడు. బాగోకపోతే వారంలో తెచ్చి ఇవ్వొచ్చని అక్వెలే తనే చెప్పింది. ట్రోట్రోలో సెన్యో కార్డుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను దారాలు కొనడం మర్చిపోయానని మదీనాలో దిగాక గుర్తొచ్చింది.

సెమీఫైనల్ ఆదివారం మధ్యాహ్నం. కాంపౌండ్‌లో ఉన్నవాళ్ళంతా వాళ్ళ గుమ్మంలో, కిటికీ దగ్గరా గుమికూడారు. ఫోస్టినమ్మ కుర్చీ వేసుకుని, తెర మీద ఒక కన్నూ, వాకిట్లో మీటరు మీద ఒక కన్నూ వేసి కూర్చుంది. అవతలి జట్టుకి పాత కబురు అందినట్టుంది. ఆట మొదలవగానే జీఫావైపు పొగ వేశారు. ఒకటి కాదు, మూడు. తర్వాత తీరిగ్గా నడుచుకుంటూ వచ్చారు, గడ్డకట్టుకుపోయిన మనిషిని ఏరుకోవడానికి వచ్చినట్టు. జీఫా పొగ అంచున నిలబడి వాళ్ళని ఒక్కొక్కరినీ పడగొట్టింది.

"మీ ఇంట్లో ఎవరు ఆడుతున్నారు?" అంది లారీబా.

"నేనే."

"సరే. మా పిన్ని కూతురికి రావద్దని చెప్తాను."

అలా సెమీఫైనల్ గెలిచారు.

ఫైనల్‌కి లారీబా ఒక పని చేసింది. ఐదుగురూ ఒకే చోట కూర్చుని ఆడదామంది. కంప్యూటర్లుండే ఆటగదికి అద్దె కట్టి, అక్రాలోనే, మా వీధి చివర. ముందురోజు వాళ్ళంతా బస్సులు దిగి మా కాంపౌండ్‌కి వచ్చారు. అంత గొంతు ఉన్న లారీబా జీఫా భుజం దాకా కూడా రాదు. ఆవిడ్ని చూసి జీఫా, "నువ్వా?" అంది. "నేనే, ఏం, ఇంకొంచెం తెప్పించమంటావా?" అంది లారీబా. ఇద్దరూ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగారు.

జీఫా కొత్త కార్డున్న తన కంప్యూటర్‌నే ఆటగదికి మోసుకెళ్ళింది. అయినా ఫైనల్లో ఓడిపోయారు. టకొరాడీ జట్టు గట్టిది. చివరి ఆటలో జీఫా ఒక మూల వైపు చూడటం మర్చిపోయింది, అక్కడి నుంచే వచ్చి కొట్టారు. అందరం తిరిగొచ్చి మా వాకిట్లో వాచే, అదే బొబ్బర్లు వేసి వండిన అన్నం, పొట్లాలు విప్పాం. కోడిగుడ్లు ఎవరికి రెండొచ్చాయి, ఎవరికి ఒకటొచ్చింది అన్న తగువు అయ్యాక లారీబా అడిగింది.

"ఆ మూల సంగతేంటి జీఫా? తెర నిలిచిపోయిందా?"

"లేదు" అంది జీఫా. నోట్లో అన్నం మింగి, హాయిగా నవ్వింది. "తెర బ్రహ్మాండంగా ఉంది. అంతా అద్దంలో కనబడినట్టు కనబడింది. చూడనిది నేనే."

"అమ్మయ్య" అంది లారీబా. "తెరది తప్పయితే మళ్ళీ డబ్బు కావాలి. నీది తప్పయితే సాధన చాలు. రేపటి నుంచి రోజూ సాయంత్రం, ఐదుగురం."

"రోజూనా? మరి నా పడవ?" అన్నాడు సెన్యో.

"రోజూ."

సెన్యో తన పొట్లంలోని గుడ్డు తీసి లారీబా పొట్లంలో పెట్టాడు. "వారానికి నాలుగు రోజులు" అన్నాడు.

లారీబా గుడ్డు వైపు చూసింది. సగం కొరికి, "ఐదు" అంది.